మా అన్నను గుట్టెక్కించిన కోరలాట

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఒక ఘోరం జరుగుతుంది. రక్తం కారదు, పోలీసులు రారు. కానీ గాంధీ గంజ్ ధాన్యం బజారులో ఏనాడూ ఎవరినీ ఏదీ అడగని మా అన్న విశ్వనాథం, అరచేతంత అట్ట గుట్ట మీద చిక్కుకుపోయి, "నన్నెవరన్న ఒక్క దెబ్బ కొట్టుండ్రి" అని బతిమాలుకుంటాడు. ఆయన్ను అంతదాకా తెచ్చినవాణ్ని నేను.

ఈ సంగతి గంజ్‌లో వేరే తీరుగా తిరుగుతోంది. పెద్దాయనకు ఆట అర్థం కాలేదని కొందరంటారు. తమ్ముడి కూతురు పెద్దనాయిననే మోసం చేసిందని ఇంకొందరంటారు. రెండూ అబద్ధమే. ఆట అర్థం కావాలంటే అక్కడ ఆట అనేది ఒకటి ఉండాలి కదా. దాన్ని లేకుండా చేసింది నేను. మా అమ్మాయి మీద పడిన మాటను తుడిచేయడానికే ఇది రాస్తున్నాను. చదివి నవ్వుకోండి, ఫర్వాలేదు. అప్పటి ప్రభాకర్‌ను, అంటే నన్నే, తలచుకుంటే ఇప్పటి ప్రభాకర్‌కే నవ్వాగదు.

మాది గంజ్‌లో పప్పుల టోకు దుకాణం. అన్న గద్దె మీద కూర్చుంటాడు, నేను రాశి దగ్గర నిలబడతాను. పల్లెల నుంచి వచ్చిన కందుల సంచులు విప్పించి, చూసి, ఒకే తీరు సరుకునంతా ఒక రాశిగా పోయించడం నా పని. ఖటక్ చించోళి రైతు సంచి, ఆ పక్క ఊరి రైతు సంచి గింజకు గింజ సరిపోతే ఒకే రాశి. రాశి పోశాక ఎక్కడ పిడికిలి పెట్టి తీసినా ఒకటే సరుకు రావాలి. ఈ పనిలో నాకు మంచి పేరుంది. ఆ పేరే నా కొంప ముంచింది.

మా దుకాణానికి ఒక నియమం ఉంది. కొత్త పంటలో పాత పంట కలపకూడదు. ఇది మా నాయిన పెట్టినది. అన్న దీనికి రోజూ హారతి ఇవ్వడం ఒక్కటే తక్కువ. మిలావట్, అంటే కల్తీ, అన్న మాట వినబడితే చాలు, తాగుతున్న చాయ్ కింద పెట్టేస్తాడు.

ఇక మా అమ్మాయి భవాని. కొల్హార్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తుంది. పక్క కుర్చీలో నస్రీన్ అనే పిల్ల. ఇద్దరూ కలిసి ఒక ఆట తెప్పించుకున్నారు. పెట్టె మీద ఇంగ్లీషులో పేరేదో పొడుగ్గా ఉంది, మా ఇంట్లో ఎవరి నోరూ తిరగలేదు. పెట్టె నిండా కోరల బొమ్మలున్నాయి కాబట్టి మా ఆవిడ సుజాత దానికి కోరలాట అని పేరు పెట్టింది. కొన్నాళ్లకు అదే కంపెనీ దానికి కొనసాగింపు తెచ్చింది. అప్పుడు మొదటిది చిన్న కోరలాట, రెండోది పెద్ద కోరలాట అయ్యాయి.

చిన్న కోరలాట ఎట్లుంటుందంటే, మధ్యలో ఒక గుట్ట. తలా ఒక రాక్షసుడు. చేతినిండా నల్లటి పాచికలు. వేసినప్పుడు కోర పడితే ఎదుటివాడికి దెబ్బ, మూలిక పడితే మన గాయం మానుతుంది, నిప్పు పడితే ఒక కార్డు తీసుకోవచ్చు. గుట్ట మీద నిలబడ్డవాడికి ప్రతి వంతుకూ కొంచెం కీర్తి వస్తుంది, కానీ అందరి దెబ్బలూ వాడికే. తట్టుకోలేనప్పుడు దిగిపోవచ్చు. ఆ దిగడం కూడా కోర దెబ్బ తగిలినప్పుడే. కీర్తి నిండినవాడు గెలిచినట్టు. అర్థం చేసుకోవడానికి ఒక చాయ్ పట్టినంత సేపు చాలు. ఒకటే లోపం. ముందుగా చచ్చినవాడు మిగతా ఆటంతా గోడకానుకుని, పెళ్లిలో భోజనం అయిపోయిన చుట్టంలాగ కూర్చోవాలి.

పెద్ద కోరలాటలో గుట్ట లేదు, ఒక నగరముంది. వీధులున్నాయి, ఇళ్లున్నాయి. రాక్షసుడు వీధివీధీ తిరిగి ఇళ్లు కూలుస్తాడు. కూలిన ఇంట్లోంచి సైనికులు వస్తారు. పాచిక మీద బాకా పడితే వాళ్లు ఆ వీధిలో ఉన్న రాక్షసుణ్ని కాలుస్తారు. అంత తొందరగా ఎవరూ చావరు, అందరికీ చివరిదాకా చేతినిండా పనే. కానీ నియమాలు చెప్పడం మొదలుపెడితే, చెప్పేవాడికి దాహం, వినేవాడికి నిద్ర.

భవానికి చిన్నదంటే ప్రాణం. నస్రీన్‌కు పెద్దదంటే ప్రాణం. నన్ను అడిగారు.

"చాచా, మీరే చెప్పుండ్రి. ఏది మంచిది?" అంది నస్రీన్.

"పాతదే. అడుగుడు దేనికి?" అన్నాను.

"పెద్దది ఆడిన్రా మీరు?"

"ఆడకున్నా తెలుస్తది. పిడికిట్ల పట్టి చూస్తే గింజ సంగతి తెల్వదా?"

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. నాకు అప్పట్లో పాత ఒక వింత, కొత్త ఒక రోత, నా మాట ఒక్కటే శాసనం.

సరే, అసలు విషయానికి వస్తాను. మా దుకాణం మీద ఒక గది ఉంది, చాలా రోజులుగా ఖాళీగా ఉండేది. భవానికి ఆ గది కావాలి. ఆదివారాలు దాంట్లో చాపలు పరిచి, ఆటలు పెట్టి, తెలిసిన అమ్మాయిలందరినీ పిలవాలని దాని కోరిక. "మొగోళ్లకు ఊర్ల ఏ హోటల్ ముంగటనైనా ఒక బల్ల ఉంటది నాయినా. మేము నలుగురం కూసొని నవ్వుకుందామంటే జాగ ఏది?" అని అడిగింది. అదీ నస్రీనూ ఊళ్లో రెండు మూడు చోట్ల గది కోసం అడిగి వచ్చారు పాపం. ఆడపిల్లలు పాచికలాడతారా అని ఒకరు, పెళ్లయ్యాక మీ ఆయనతో ఆడుకో అని ఒకరు తిప్పి పంపారు. మిగిలింది మా గదే. ఆ గది తాళం అన్న దగ్గర ఉంది. అన్నేమో దాంట్లో గోనె సంచులు పెట్టాలనుకుంటున్నాడు.

భవాని వెళ్లి నేరుగా అడిగింది. అన్న వెంటనే కాదనలేదు. సరుకు చూడకుండా బేరం కొట్టేసే రకం కాదు ఆయన.

"ఐతారం నాడు వచ్చి చూస్త బిడ్డా. పెద్దోళ్లు ఆడదగ్గ ఆటే అనిపిస్తే తాళం నీ చేతికిస్త. లేకుంటే సోమారం సంచులు ఎక్కుతయ్. మల్ల నన్ను అడగొద్దు" అన్నాడు.

అన్న మాట మీద మాట ఉండదు. సంచులు ఎక్కాయంటే దిగవు.

ఆదివారం పొద్దున భవాని అంతా ఆలోచించి పెట్టింది. ముందు చిన్న కోరలాట. నచ్చితే చాయ్, మిరపకాయ భజ్జీలు. ఆ తర్వాత పెద్ద కోరలాట. చక్కటి పద్ధతి. ఆ పూటకు గది అన్నే తెరిచి పెట్టి వెళ్లాడు. నా పని పెట్టెలు రెండూ పైకి చేర్చడం మాత్రమే. "నాయినా, పెట్టెలు విప్పకు. పైన పెట్టు, అంతే" అని చెప్పి మరీ నస్రీన్ వాళ్లింటికి చాపలు తేవడానికి వెళ్లింది.

పెట్టకు పెట్టకు అంటే పిల్లి కుండలో మూతి పెట్టినట్టు, నేను పెట్టెలు విప్పాను.

నా ఆలోచన వినండి. అన్నకు ఓపిక తక్కువ, ఒకటే ఆట చూస్తాడు. చిన్నది ఆడిస్తే, ఖర్మ కాలి ఆయనే ముందు చచ్చి గోడకానుకుంటే? గది పోయినట్టే. పెద్దది ఆడిస్తే, నియమాలు చెప్పేలోపే లేచి వెళ్లిపోతాడు. గది పోయినట్టే. చిన్నదాంట్లో వేగముంది, పెద్దదాంట్లో నిలకడ ఉంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రాక్షసులు, ఒకే కోరలు. ఇట్లాంటి సరుకు ఎదురుగా ఉంటే రాశి పోసే మనిషి ఏం చేస్తాడు? నేనూ అదే చేశాను. తువ్వాలు పరిచి రెండు పెట్టెలూ దాని మీద బోర్లించాను.

పాచికలు కలిపాను. చిన్నదానివి నల్లవి, పెద్దదానివి ముదురు ఆకుపచ్చ. కిటికీ మూసి ఉంది కాబట్టి నా కంటికి అన్నీ ఒకటే. కార్డులు కలిపి పిసికాను. రెండింటి వెనకా ఒకే కోరల బొమ్మ ఉండటం చూసి, దేవుడు కూడా ఒప్పుకున్నాడనుకున్నాను. చిన్నదాని గుట్ట మధ్యలో పెట్టి, దాని చుట్టూ పెద్దదాని ఇళ్లు, సైనికులు పేర్చాను. వెనక్కి జరిగి చూసుకుంటే కళ్లు చెమ్మగిల్లాయి. ఆ కంపెనీవాళ్లకు రాని తెలివి గాంధీ గంజ్‌లో పుట్టిందనుకున్నాను.

భజ్జీల పళ్లెంతో సుజాత పైకి వచ్చింది.

"ఏం చేస్తున్నరు?"

"రెండు ఆటలల్ల మంచిదంతా ఒక్కటి చేస్తున్న."

"బిడ్డను అడిగిన్రా?"

"దాన్ని అడుగుడెందుకు? నేను చేసే పనే ఇది కదా."

"మీరు చేసేది అమ్మే పని. వండేటోళ్లను కూడ ఒకసారి అడగాలె" అని పళ్లెం పెట్టి దిగిపోయింది. ఆ మాట నాకు సాయంత్రం అర్థమైంది. నా బుర్ర కూడా పాత పప్పే, ఉడకడం ఆలస్యం.

అన్నీ ఒకే పెట్టెలో సర్ది, ఖాళీ పెట్టె మెట్ల కింద పెట్టేశాను. భవాని, నస్రీన్ చాపలు పరుస్తుండగానే అన్న మెట్లెక్కే చప్పుడు వినబడింది.

"నాయినా, చిన్న పెట్టె ఏది?"

"అన్నీ దీంట్లనే ఉన్నయ్ బిడ్డా. నేను చెప్త, నువ్వు కూసో."

భవాని మూత తీసింది. పాచికల వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ పాచికల వైపు చూసింది. దాని ముఖంలో రంగు దిగిపోయింది.

"నాయినా, ఇవి రెండూ కలిసినయ్" అంది చెవిలో.

"కలిస్తేనే బలం" అన్నాను నేనూ చెవిలోనే.

ఏమైనా అనేలోపే అన్న చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఏం ఆటనో చెప్పుండ్రి" అన్నాడు. పెద్దనాయిన ముందు తండ్రిని తప్పుపట్టే పిల్ల కాదు మాది. నోరు మూసుకుంది. నేను మాత్రం నోరు తెరిచాను. రెండు ఆటల నియమాల్లో నాకు గుర్తున్నవి చెప్పాను, గుర్తులేని చోట కొత్తవి పుట్టించాను. అంత ధీమాగా చెప్పాను కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నాకైతే అసలే రాలేదు.

అన్న, నేను, సుజాత, భవాని, నస్రీన్ ఆటకు కూర్చున్నాం. మొదటి వంతు అన్నది. పాచికలు వేసి నేరుగా గుట్టెక్కాడు. మీసం సవరించుకున్నాడు.

"అంటే ఈ గుట్ట నాదేనా?"

"నీదే అన్నా. నిలబడ్డంత సేపు కీర్తి."

"మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ మాట విని భవాని కూడా కొంచెం నవ్వింది. ఈ ఊళ్లో నేను నోరు మూసుకుని ఉండాల్సిన క్షణాలు కొన్ని ఉన్నాయి, వాటిలో అది మొదటిది. అక్కడే ఆట ఆపి చాయ్ పోసి ఉంటే గది మాదే.

తర్వాతి వంతు సుజాతది. బాకా పడింది. సైనికులు కాల్చాలి. ఏ వీధిలో? వీధులు లేవు, ఉన్నది గుట్ట ఒక్కటే. గుట్ట చుట్టూ సైనికులను పేర్చిన మహానుభావుణ్ని నేనే. అంతమందీ కలిసి అన్నను కాల్చారు. ప్రాణం కొంచెం పోయింది. సైనికుడి దెబ్బకు కీర్తి కూడా పోతుందని పెద్దదాని కార్డు ఒకటి చెబుతోంది. అదీ పోయింది.

"ఇప్పుడే కదరా ఇచ్చినవ్?" అన్నాడు అన్న.

"మల్ల వస్తది అన్నా."

వచ్చింది. మళ్లీ పోయింది. ఈలోపు అన్నకు నిప్పు పడి ఒక కార్డు దొరికింది. వైద్యశాల. పెద్దదాంట్లోది. ప్రతి వంతుకూ ప్రాణం కొంచెం తిరిగి వస్తుంది. చాలా సంతోషించాడు. అప్పటి నుంచి సైనికులు ఎంత తీస్తే వైద్యశాల అంత పోస్తోంది. గుట్ట ఎంత కీర్తి ఇస్తే సైనికులు అంత పట్టుకుపోతున్నారు. చావడు, గెలవడు. త్రిశంకుడైనా నయం, ఆయనకు కనీసం స్వర్గం ఒకటి కట్టిచ్చారు. మా అన్నకు చుట్టూ తుపాకులే.

"దిగిపోత. నాకొద్దు గుట్ట" అన్నాడు చివరికి.

"దిగాలంటే ఎవరన్న కోరతోని కొట్టాలె అన్నా. సైనికుల దెబ్బ లెక్కకు రాదు."

"అయితే కొట్టుండ్రి."

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చి పడింది. దాన్ని ఆ కంపెనీవాళ్లు కలలో కూడా ఊహించి ఉండరు. సుజాత వేసింది, పాచికల నిండా కోరలు. వాటి వైపు చూసి నాలిక కరుచుకుంది.

"రామరామ. బావగారిని కొడతనా?" అని అన్నీ ఏరి మళ్లీ వేసింది. మూలికలు పడేదాకా వదల్లేదు. మూలికలు పడ్డాక వాటిని ఆయనకే ఇస్తానంది.

నస్రీన్‌కు కోర పడింది. "మా ఇంట్ల పెద్దోళ్లకు సలాం కొడతం, దెబ్బ కొట్టం" అని అదీ తిప్పి వేసింది.

"బిడ్డా, నువ్వన్న కొట్టు" అన్నాడు అన్న. భవాని తలవంచుకుంది. తాళం చెవి అడుగుతున్న చేతితో పెద్దనాయినను ఎట్లా కొడుతుంది?

"ఆటనే కదనే, కొట్టు" అన్నాను నేను.

"నువ్వే కొట్టు నాయినా" అంది పళ్ల బిగువున.

నేను కొట్టడానికి సిద్ధమే. చిన్నప్పటి బాకీలు కొన్ని ఉన్నాయి కూడా. కానీ వద్దనేవాళ్ల చేతికి గంపెడు వచ్చిన కోరలు నా చేతికి ఒక్కటీ రాలేదు. ఎన్నిసార్లు వేసినా ఇల్లు, బాకా, మూలిక. బాకా పడ్డప్పుడల్లా సైనికులు అన్నను మళ్లీ కాల్చారు.

అప్పుడన్నాడు మా అన్న, ఆ చరిత్రాత్మక వాక్యం. "నన్నెవరన్న ఒక్క దెబ్బ కొట్టుండ్రి. దండం పెడత."

భజ్జీలు చల్లారిపోయాయి. నేను ఏం చేయాలో తోచక ఒకటి నోట్లో పెట్టుకున్నాను.

అన్న పాచికలన్నీ దోసిట్లోకి తీసుకున్నాడు. కొంచెం ఎగరేసి పట్టుకున్నాడు. ఆ తీరు నాకు తెలుసు. సంచిలోంచి గింజ తీసినప్పుడు అట్లాగే చేస్తాడు. నా నోట్లో భజ్జీ ఆగిపోయింది. లేచి వెళ్లి కిటికీ తెరిచాడు. వెలుతురులో పాచికలను రెండు కుప్పలు చేశాడు. నల్లవి ఇటు, ఆకుపచ్చవి అటు.

"ఇవి ఒక పంటయి. ఇవి ఒక పంటయి" అన్నాడు మెల్లగా. "భవానీ, పెట్టె నీదేనా?"

"నాదే పెద్దనాయినా."

"మిలావట్ చేసి నా ముంగట పెట్టినవా?"

భవాని నా వైపు చూడలేదు. చూస్తే ఆయనకు తెలిసిపోతుందని చూడలేదు. నేలకేసి చూస్తూ ఊరుకుంది. నేనా? నా నోట్లో భజ్జీ ఉంది. అది మింగలేదు, ఉమ్మలేదు, మాట్లాడలేదు. మిరపకాయ మంటకు కళ్లలో నీళ్లు వచ్చాయి. అందరూ నేను బిడ్డ కోసం ఏడుస్తున్నాననుకున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కి, మా అమ్మాయి పావడాకు కాలు తుడుచుకున్నాను.

"మొదటి రోజే సరుకు కలిపినోళ్లకు నా గది ఇయ్య. రేపు సంచులు ఎక్కించు ప్రభా" అని తాళం చెవి జేబులో వేసుకుని దిగిపోయాడు.

గదిలో ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నస్రీన్ చాప అంచు చుట్టడం మొదలుపెట్టింది. భవాని ఒక్కొక్క రాక్షసుణ్ని తీసి పెట్టెలో పడుకోబెడుతోంది. అది ఏడవడం లేదు. కానీ ఒక్కో బొమ్మను పెట్టే తీరు చూస్తే, ఆ గదిలో కూర్చోవాల్సిన పిల్లలను ఒక్కొక్కరిని ఇంటికి పంపేస్తున్నట్టుంది. సుజాత నా వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు భజ్జీ దానంతటదే లోపలికి పోయింది.

నేను మెట్లు దిగలేదు, జారాను. అన్న గద్దె దగ్గర నిలబడి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"అన్నా, కలిపింది నేను."

"ఏంది?"

"రెండు ఆటలు. బిడ్డ చాపలకు పోయినప్పుడు నేనే రాశి పోసిన. పెట్టె విప్పొద్దని చెప్పింది అది. విన్లే."

అన్న చెప్పు కాలికి సగం తొడిగి ఆగాడు.

"బిడ్డ మీద దొంగ మాట పడుతుంటే నువ్వు భజ్జీ తిన్నవారా?"

"నోట్లనే ఉండె అన్నా, తిన్లే."

"కొత్త పప్పు, పాత పప్పు ఒక్క గిన్నెల పోసి పొయ్యి మీద పెడితే ఏమైతది?"

"ఒకటి గుజ్జైతది. ఒకటి గింజ గింజనే ఉంటది."

"ఇంత తెలిసినోనివి రాక్షసులను ఎట్ల ఉడకబెడదామనుకున్నవ్?"

నేను పక్కనున్న సంచి మూతి బిగించడం మొదలుపెట్టాను.

ఆయన చెప్పులు విడిచి, నన్ను పక్కకు తోసి, మళ్లీ మెట్లెక్కాడు. నేను వెనకాలే. గదిలోకి వెళ్లి భవాని ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది బిడ్డా. సరుకు చూసి రైతును తిట్టిన. కలిపినోడు ఎవడని అడగలే" అన్నాడు. "ఇప్పుడు వేరు చేసి చూపెట్టు. ఏ పంటకు ఆ పంట."

వేరు చేయడం కలిపినంత తేలిక కాదు. కార్డుల వెనక బొమ్మలు ఒకటే కదా, నేను మురిసిపోయిన దేవుడి దీవెన. సుజాత కింది నుంచి చేట తెచ్చింది. కార్డులు, పాచికలు, సైనికులు అన్నీ దాంట్లో పోసుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరింది. భవాని, నస్రీన్ ఒక్కో కార్డు చదివి చెబుతుంటే ఇటొకటి అటొకటి వేసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను ఖాళీ పెట్టె తెచ్చిచ్చి, తలుపు దగ్గర నిలబడి భజ్జీలకు కాపలా కాశాను.

ముందు చిన్న కోరలాట. ఆడేముందు భవాని ఒక మాట చెప్పింది. "పెద్దనాయినా, దీంట్ల కొట్టకుంటే ఆట నడవది. నేను కొడత. గుస్సా రావొద్దు."

"కొట్టు, బిడ్డా. ఇందాకటి నుంచి దాని కోసమే చూస్తున్న."

కొట్టింది. మా అన్న గుట్టెక్కిన పూటే కింద పడ్డాడు, అందరికన్నా ముందు చచ్చాడు, గోడకానుకుని కూర్చున్నాడు. నేను భయపడ్డదంతా అచ్చంగా జరిగింది. కానీ ఆయన లేచి వెళ్లలేదు. మెడ చాచి చూస్తూ, "సుజాతా, ఆ నస్రీన్ ప్రాణం తక్కువున్నది, దాన్ని కొట్టు" అని గోడ దగ్గరి నుంచే యుద్ధం నడిపించాడు. చచ్చినవాడు కూడా ఆడొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత పెద్దది. నియమాలు నస్రీన్ చెప్పింది. అన్నకు నిద్ర రాలేదు, దాహం వేయలేదు. మొదటి ఇల్లు కూల్చగానే ముఖం వెలిగిపోయింది. ఏ ఇల్లు కూలిస్తే ఎందరు సైనికులు వస్తారో ముందే చూసుకుని, వీధి మారి, వాళ్ల తూటాలకు నన్ను ఎర వేశాడు. కొత్త రోత అన్న నా నోరు అక్కడే మూతపడింది. చివరికి భవానే గెలిచింది. అన్న రెండో స్థానంలో నిలిచి, రాక్షసుణ్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏది మంచిగున్నది పెద్దనాయినా?" అని అడిగారు ఇద్దరూ ఒకేసారి.

అన్న తీర్పు చెప్పాడు. ఇంతకన్నా సరైన పోలిక నేను ఇప్పటికీ వినలేదు. "చిన్నది గిరాకీ లేనప్పుడు ఆడేది. పెద్దది దుకాణం మూసి ఆడేది. దేని పూట దానిది. ఒకదాంట్ల ఒకటి కలిపేది మాత్రం లేదు." తాళం చెవి తీసి భవాని చేతిలో పెట్టాడు. భవాని ఆ తాళం చెవిని పట్టుకున్న తీరు చూసి నాకు నిజంగానే కళ్లు తడిశాయి. ఈసారి మిరపకాయ లేదు.

ఇప్పుడు ఆదివారం వస్తే మా దుకాణం మెట్ల మీద చెప్పుల గుంపు. పైనుంచి నవ్వులు వినబడితే గంజ్‌లో హమాలీలు కూడా తలెత్తి చూస్తారు. కాబట్టి మోసం గీసం అన్న మాట ఇంకెవరైనా అంటే నా దగ్గరికి పంపండి, నేను చెబుతాను. కలిపినవాణ్ని నేను, ఏరినది మా ఆవిడ, మాట పడ్డది మా అమ్మాయి. అన్నకు ఆట రాదన్న మాట కూడా అబద్ధం. ఆయనకు ఆట బాగా వచ్చు. ఎటొచ్చీ గెలవడమే రాలేదు. వారం వారం పైకి వెళ్తాడు. చిన్నదాంట్లో భవాని చంపుతుంది, పెద్దదాంట్లో నస్రీన్ చంపుతుంది. మొహమాటం పోయాక ఆ పిల్లలు ఆయనను కొట్టే కొట్టుడు చూడలేం.

మొన్న ఒక మధ్యాహ్నం గిరాకీ లేక నేను రాశి దగ్గర కూర్చుని ఉన్నాను. అన్న గద్దె దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"ప్రభా. ఆ కలిపిన ఆట యాదికున్నదా?"

"మరువలేదన్నా. తప్పయింది."

"తప్పు సంగతి కాదురా." ఇంకా దగ్గరికి జరిగాడు. "దాంట్ల నేను ఓడిపోలే కదా?"

"లేదన్నా. ఎవరూ ఓడలే."

"ఒక్కసారి మల్ల కలుపుతవా? పిల్లలకు చెప్పకు."

మిలావట్ అంటే చాయ్ కింద పెట్టే మనిషి అడుగుతున్నాడు. తండ్రి తర్వాత తండ్రిలాంటివాడు. కాదనడం ఎట్లా? అయినా కాదన్నాను. పాఠకుల సాక్షిగా, నా ముందున్న కందుల రాశి మీద చెయ్యి పెట్టి, ఇదిగో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ చేతులు ఒక ఆటలో ఇంకో ఆట కలపవు. పచ్చీసులో అష్టాచెమ్మా కలపవు, గవ్వల్లో గోలీలు కలపవు. ఇంట్లో పప్పులో చారు కలుపుకోవాలన్నా ముందు సుజాతను అడుగుతాను. ఆమె సరేనంటే, భవానిని అడుగుతాను. అప్పటికీ అనుమానముంటే విడివిడిగానే తింటాను.